సాఫ్ట్‌వేరు ఉద్యోగము: ఇంటర్వ్యూ గదిలో ఏమి జరుగును?

(ప్రసంగ పాఠము)

తిరుపతి బస్సు స్టాండులో రాత్రి భోజనవేళ దాటిన తరువాత కొంతసేపు నిలిచి చూచినవారికి ఒక దృశ్యము కనబడుచుండును. కొండ దిగి వచ్చిన యాత్రికుల సందడి నడుమ, చేతిలో సర్టిఫికెట్ల ఫైలు, భుజమున సంచి, ఇస్త్రీ మడత చెడకుండ వేరుగా పట్టుకొనిన చొక్కాతో బెంగుళూరు బస్సు కొరకు వేచియుండు యువకుడో, యువతియో అక్కడ ఉందురు. సాగనంప వచ్చిన తండ్రి నీళ్ల సీసా అందించి, "అడిగినదానికి నిదానంగా జవాబు చెప్పు నాయనా" అనును. ఆ మాట మంచిదే. కాని అక్కడ ఏమి అడుగుదురో, ఎందుకు అడుగుదురో ఆ తండ్రికి తెలియదు. ఫలితము తెలిసిన నాడు "వచ్చింది" లేక "రాలేదు" అను రెండు మాటలలో ఒకటి మాత్రమే ఇంటికి చేరును. ఆ గదిలో జరుగు వ్యవహారమేమో ఇంటిలోని పెద్దలకు కూడ తెలియునట్లు వివరించుటయే ఈ ప్రసంగోద్దేశము.

మన ప్రాంతములో చదువుకొను పిల్లలున్న ఇండ్లలో ఈ ప్రస్తావన రాని ఇల్లు అరుదు. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 1959లో దాని ఇంజనీరింగు కళాశాలయు, 1983లో మహిళా విశ్వవిద్యాలయమును తిరుపతిలో ఏర్పడినవి. 2013లో శ్రీసిటీలో సమాచార సాంకేతిక విద్యాసంస్థ, 2015లో తిరుపతికి ఐ.ఐ.టి. వచ్చినవి. వీనికి తోడు చుట్టుప్రక్కల అనేక ప్రైవేటు కళాశాలలు వెలసినవి. వేరుశనగ చేని మీదనో, మామిడి తోట మీదనో, పాడి ఆవుల మీదనో వచ్చిన రాబడితో చదివించిన కుటుంబములకు నాలుగు సంవత్సరముల ఖర్చు ఫలించునో లేదో తేలునది ఒక గదిలో, ఇంచుమించు ఒక గంట కాలములో. కనుక ఆ గంటను గురించి తెలిసికొనుట అవసరము.

పూర్వపు ఉద్యోగపు ఇంటర్వ్యూ మనకు తెలిసినదే. బల్లకు ఆవలి ప్రక్క ముగ్గురు నలుగురు పెద్దలు కూర్చుండి ఊరు, పేరు, చదువు విచారించి, లోకజ్ఞానము పరీక్షించి పంపుచుండిరి. సాఫ్ట్‌వేరు ఇంజనీరునకు జరుపు సాంకేతిక ఇంటర్వ్యూ అట్టిది కాదు. పని నేర్చితినని వచ్చిన కుర్రవానికి వడ్రంగి మేస్త్రీ ఒక చెక్కముక్క, ఉలి చేతికిచ్చి "ఈ అతుకు కొట్టి చూపు" అనినట్లుండును. కుర్రవాడు చెక్కను ఎట్లు పట్టుకొనెనో, కొలత తీసినాడో లేదో, పొరపాటు పడినపుడు ఏమి చేసెనో మేస్త్రీ చూచును. అతుకు కుదిరినదా అనునది అందులో ఒక భాగము మాత్రమే.

సాధారణముగా ఈ ఎంపిక మూడు అంచెలుగా జరుగును. మొదటిది కంప్యూటరు మీద వ్రాయు పరీక్ష. ఇందులో లెక్కలు, తర్కము, ఇంగ్లీషు, ఒకటి రెండు ప్రోగ్రాములు ఉండును. వేలకొలదిగా వచ్చిన అభ్యర్థులను జల్లెడ పట్టుటకు ఇది ఉపకరించును. రెండవది సాంకేతిక ఇంటర్వ్యూ. ఇది ఒకటి మొదలు నాలుగు విడతల వరకు, ఒక్కొక్కటి ముప్పావుగంట, గంట చొప్పున సాగవచ్చును. చివరిది జీతము, పని చేయు ఊరు, స్వభావము మొదలగువానిని గురించిన సంభాషణ. మన యువజనులలో పలువురు తడబడునది రెండవ అంచె వద్దనే. కావున దానినే విస్తరించి చెప్పుకొందము.

ఈ పద్ధతి ఒక్కనాడు పుట్టినది కాదు. కంప్యూటర్లు తొలుత వచ్చిన కాలమున వానికి పని చెప్పగల మనుష్యులను ఎట్లు గుర్తించవలెనో ఎవరికిని తెలియలేదు. ఆ శాస్త్రమునకు ప్రత్యేక పట్టములు కూడ లేవు. 1955లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థవారు అంకెల వరుసలు, బొమ్మల పోలికలు, గణిత తర్కము గల ఒక పరీక్షను తయారుచేసి, అందులో నెగ్గినవారిని ప్రోగ్రాములు వ్రాయుటకు తీసికొనిరి. తరువాత 1990 ప్రాంతములో మైక్రోసాఫ్టు సంస్థ పేరుతో పొడుపుకథల వంటి ప్రశ్నలు ప్రసిద్ధికెక్కినవి. వీధి మురుగు కాలువ గుంతలపై మూత గుండ్రముగా ఎందుకుండును అనునది వానిలో ఒకటి. ఏ వైపు త్రిప్పినను గుండ్రని మూత తన రంధ్రములో తాను పడిపోదు, చదరపు మూత ఐమూలగా త్రిప్పిన పడిపోవును. ప్రశ్న ముచ్చటైనదే. కాని దానికి చటుక్కున సమాధానము చెప్పినవాడు మంచి ఇంజనీరగునని నమ్మకమేమి? అట్టి చిక్కు ప్రశ్నల వలన అభ్యర్థి పనితనము తెలియదని గూగుల్ సంస్థ ఉద్యోగుల శాఖాధిపతి 2013లో బహిరంగముగనే అంగీకరించెను. ఇప్పుడు ఎక్కువ సంస్థలు నేరుగా ప్రోగ్రామునకు సంబంధించిన సమస్యనే ఇచ్చుచున్నవి.

ఆ సమస్యలు ఎట్లుండునో ఒక ఉదాహరణముతో చూతము. తరచుగా అడుగు ప్రశ్న ఒకటి మెట్లను గూర్చినది. మన అలిపిరి మెట్లనే తలచుకొనుడు. ఒక భక్తుడు ఒక్కొక్క అడుగునకు ఒక మెట్టయినను ఎక్కును, లేక రెండు మెట్లయినను ఎక్కును. పది మెట్లు ఎక్కుటకు అతనికి ఎన్ని విధములు కలవు? ఇదియే ప్రశ్న.

అభ్యాసము లేనివాడు పది మెట్లకు అన్ని విధములను వ్రాయబూని, నడుమ లెక్క తప్పి, చెమటలు క్రక్కును. నేర్చినవాడు మొదట చిన్నది చూచును. ఒక మెట్టునకు ఒకటే విధము. రెండు మెట్లకు రెండు: ఒక్కొక్కటిగా ఎక్కుట, లేక ఒకేసారి రెండు. మూడు మెట్లకు మూడు. నాలుగు మెట్లకు అయిదు. అంతట అతడు ఒక సంగతి గమనించును. ఎన్ని మెట్లున్నను చివరి అడుగు రెండే రీతులుగా పడును, ఒక మెట్టు గాని, రెండు మెట్లు గాని. కనుక పది మెట్ల లెక్క యనగా తొమ్మిది మెట్ల లెక్కయు, ఎనిమిది మెట్ల లెక్కయు కలిపినంత. ఇట్లు 1, 2, 3, 5, 8, 13, 21, 34, 55, 89 అని సాగును. పది మెట్లకు 89 విధములు.

ఈ వరుస మన ఛందశ్శాస్త్రజ్ఞులకు కొత్తది కాదు. లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలు అని బడిలో చదువుకొన్నాము గదా. ఇన్ని మాత్రలను లఘు గురువులతో ఎన్ని విధముల నింపవచ్చును అనునది సరిగా ఈ మెట్ల లెక్కయే. విరహాంకుడు, 12వ శతాబ్దిలో హేమచంద్రుడు దీనిని వివరించియున్నారు. ఇటలీ దేశపు ఫిబొనాచి గ్రంథము 1202లో వెలువడినది. లోకములో ఆయన పేరే ఈ వరుసకు నిలిచినది.

సమాధానము రాగానే ఇంటర్వ్యూ ముగియదు. అసలు పరీక్ష అప్పుడు మొదలగును. "నీవు వ్రాసిన ప్రోగ్రాము చెప్పిన లెక్కనే మరల మరల చేయుచున్నదా?" అని అడుగుదురు. పది మెట్ల కొరకు తొమ్మిది, ఎనిమిది కావలెను. తొమ్మిది కొరకు మరల ఎనిమిది కావలెను. ఈ విధముగ ఒకసారి చేసిన లెక్కనే యంత్రముచేత లెక్కలేనన్ని సార్లు చేయించినచో ఎంత వేగముగల యంత్రమైనను ఆగిపోవును. అలిపిరి దారిలో మెట్లు 3,550. ఆ తెలివితక్కువ పద్ధతిలో వాని లెక్క ఏ కంప్యూటరును ముగించజాలదు. వెనుకటి రెండు సంఖ్యలను మాత్రము జ్ఞాపకముంచుకొని ముందుకు కూడుకొనుచు పోయినచో మూడువేల అయిదువందల చిల్లర కూడికలతో కనురెప్పపాటులో ముగియును. ఒకే సమస్యకు రెండు ప్రోగ్రాములు. రెండును సరియైనవే. ఒకటి పనికివచ్చును, ఒకటి పనికిరాదు. ఈ భేదము గుర్తించునా లేదా అనునదే పరీక్షకుడు చూచునది.

పిమ్మట ఇంకొక ప్రశ్న. "సంఖ్య మరీ పెద్దదైనచో నీ గడిలో పట్టునా?" కంప్యూటరులో సంఖ్యను ఉంచు గడికి ఒక పరిమితి కలదు. సాధారణముగా వాడు 64 బిట్ల గడిలో ఈ మెట్ల లెక్క 91 మెట్ల వరకే ఇముడును. 92వ మెట్టు దగ్గర గడి పొంగి తప్పు సంఖ్య వచ్చును. 3,550 మెట్లకు వచ్చు సంఖ్యను కాగితముపై వ్రాసినచో 742 అంకెలుండును. ఈ ప్రశ్నకు పరీక్షకుడు గుర్తుచేయక ముందే "ఇక్కడ జాగ్రత్త పడవలెను" అని చెప్పిన అభ్యర్థి ఆ క్షణముననే సగము ఉద్యోగము గెలుచుకొనినట్లు.

ఇది పిసినారి పరీక్ష అని కొందరనవచ్చును. కాని ఇట్టి తప్పులు పండితులకు కూడ తప్పలేదు. శబ్దరత్నాకరములో ఒక పదము వెదకవలెననుకొనుడు. మొదటి పుట నుండి త్రిప్పము. నడిమికి తెరచి, మన పదము ముందున్నదో వెనుకనున్నదో చూచి, సగము విడిచి మిగిలిన సగములో మరల నడిమికి తెరతుము. పదిలక్షల పేర్ల జాబితాలోనైనను ఈ పద్ధతిలో ఇరువది పర్యాయములు చూచిన చాలును. ఇంటర్వ్యూలలో దీనినే వ్రాయుమందురు. ఈ పద్ధతి 1946లోనే ప్రస్తావనకు వచ్చినను, దోషము లేని రూపము అచ్చులోనికి వచ్చుటకు 1960వ దశాబ్ది వరకు పట్టినది. అంతటితో ముగిసినదా? ప్రపంచమంతట వాడుకలోనున్న జావా భాషా భాండారములోని ఇదే పద్ధతిలో ఒక దోషము ఇంచుమించు తొమ్మిది సంవత్సరములు దాగియున్నదని 2006లో జాషువా బ్లాక్ అను నిపుణుడు వెల్లడించెను. ఆ భాగము వ్రాసినది కూడ ఆయనయే. దోషమేమనగా, నడుమను కనుగొనుటకు రెండు పెద్ద సంఖ్యలను కూడినపుడు గడి పొంగుట. మెట్ల లెక్కలో మనము చూచిన జబ్బే ఇది. బ్యాంకుల లెక్కలు, రైలు టిక్కెట్లు, ఆసుపత్రి యంత్రములు ప్రోగ్రాముల మీద నడచు ఈ కాలములో అట్టి దోషమునకు మూల్యము చెల్లించునది మనమే. అందువలననే ఆ గదిలో అంత గ్రుచ్చి అడుగుట.

కొన్ని ప్రశ్నలు సమాచారమును అమర్చు తీరును గూర్చినవి. తిరుమలలో వైకుంఠం కాంప్లెక్సు వరుసలో ముందు చేరినవారు ముందు వెళ్లుదురు. దీనికి క్యూ అని పేరు. అన్నప్రసాదశాలలో దొంతరగా పేర్చిన విస్తళ్లలో చివర పెట్టినది మొదట చేతికి వచ్చును. దీనిని స్టాక్ అందురు. ఏ పనికి ఏ అమరిక తగునో చెప్పగలిగినవాడు విషయము గ్రహించినట్లు. నిర్వచనము వల్లించి, ఎక్కడ వాడవలెనో చెప్పలేనివాడు గ్రహించనట్లు.

ఇక పరీక్షకుడు తన కాగితముపై ఏమి గుర్తించుకొనును? సమస్య వినగానే వ్రాయ మొదలుపెట్టెనా, లేక సందేహములు అడిగి తెలిసికొనెనా? చిన్న ఉదాహరణముతో సరిచూచుకొనెనా? తన ఆలోచనను పైకి చెప్పుచున్నాడా? తప్పు చూపినపుడు వాదించెనా, సవరించుకొనెనా? సూచన ఇచ్చినపుడు అందిపుచ్చుకొనెనా? "ఇది నాకు తెలియదండి, కాని ఇట్లు ప్రయత్నించెదను" అనుట ఈ గదిలో నేరము కాదు. తెలియనిదానిని తెలిసినట్లు నటించుటయే నేరము.

ఇక్కడనే మన పిల్లలకు ఒక ప్రత్యేకమైన కష్టమున్నది. చిన్ననాటినుండి తెలుగులో చదివి, నోరు మెదపక కూర్చుండుటయే బుద్ధిమంతుని లక్షణమని బడిలోను ఇంటను నేర్చినవాడు, ఒక అపరిచితుని ఎదుట, ఇంగ్లీషులో, తన మనస్సులోని ఆలోచనను పుట్టుచున్నది పుట్టుచున్నట్లు పైకి చెప్పవలెను. లెక్క వచ్చినను మాట రాదు. పరీక్షకుడు ఆ మౌనమును అజ్ఞానమని భ్రమించును.

ఇది మన పిల్లల బలహీనత మాత్రమే అనుకొనరాదు. అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు, మైక్రోసాఫ్టు పరిశోధకులతో కలిసి 2020లో ఒక పరిశీలన వెలువరించిరి. 48 మంది కంప్యూటరు విద్యార్థులను రెండు భాగములు చేసి, కొందరిని పరీక్షకుని ఎదుట బోర్డుపై వ్రాయుచు ఆలోచనను పైకి చెప్పుమనిరి. తక్కినవారిని ఒంటరిగా గదిలో వదలి అదే సమస్యను చేయుమనిరి. ఎదుట మనిషి ఉన్నవారి పనితనము సగమునకు పైగా తగ్గిపోయెను. ఎదుట మనిషి ఉన్న విభాగములోని స్త్రీలలో ఒక్కరును నెగ్గలేదు. ఒంటరిగా చేసిన స్త్రీలందరును నెగ్గిరి. పరిశీలనలో పాల్గొన్నవారి సంఖ్య చిన్నదని మరువరాదు. అయినను, మనము తెలివిని కొలుచుచున్నామా, భయమును కొలుచుచున్నామా అను ప్రశ్న దానివలన గట్టిగా లేచినది.

ఇంటర్వ్యూ ఒక త్రాసు అనుకొన్నచో, ఆ త్రాసు ఎంతవరకు నమ్మదగినదో కూడ విచారించిరి. ఎనుబది యేండ్లకు పైబడిన పరిశోధనలను క్రోడీకరించి 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అను పండితులును, ఆ లెక్కలను సవరించి 2022లో పాల్ శాకెట్, ఆయన సహచరులును ప్రకటించిన దానినిబట్టి, అందరికి ఒకే ప్రశ్నలు వేసి ఒకే కొలమానముతో మార్కులు వేయు ఇంటర్వ్యూ, తోచినట్లు ముచ్చటించు ఇంటర్వ్యూ కంటె మేలైనది. అయినను ఏ పద్ధతియు పరిపూర్ణము కాదు. ఒక చోట కాదన్న అభ్యర్థిని మరునెలలో మరొక చోట ఔననుట సామాన్యము. కనుక ఒక "లేదు" అను మాటను బిడ్డ తెలివికి తీర్పుగా ఇంటివారు భావించరాదు.

ఇప్పుడు కొన్ని హెచ్చరికలు. 2020లో కోవిడు వలన ఇంటర్వ్యూలు ఇండ్లలోని కంప్యూటరు తెరలకు మారినవి. దానితో అభ్యర్థి స్థానములో మరియొకడు కూర్చుండుట, ప్రక్కనుండి సమాధానములు అందించుట పెరిగినవి. 2022 చివర కృత్రిమ మేధతో జవాబులు వ్రాయు సాధనములు వచ్చిన పిదప అనుమానము ఇంకను హెచ్చెను. కనీసము ఒక విడతనైనను అభ్యర్థిని ఎదుట కూర్చుండబెట్టుకొని అడుగుదుమని 2025లో గూగుల్ ప్రధానాధికారి సుందర్ పిచై చెప్పియున్నారు. దొంగచాటున గది దాటినవాడు మరునాడు పనిలో పట్టుబడును. లేని అనుభవమును ఉన్నట్లు కాగితములు సృష్టించి చూపినవానికి ఎన్ని యేండ్లు గడచినను ఆ భయము వదలదు.

మరియొకటి. "ఇంటర్వ్యూ లేకుండనే, వెనుక దారిని ఉద్యోగము ఇప్పింతును, రెండు లక్షలు కట్టుడు" అను మధ్యవర్తులు పట్టణములలో తిరుగుచుందురు. ఉద్యోగమిచ్చు సంస్థ అభ్యర్థి నుండి డబ్బు తీసికొనదు. డబ్బడిగినచోట ఉద్యోగము లేదని తెలిసికొనవలెను. తోట కుదువపెట్టుటకు ముందు ఈ ఒక్క మాట జ్ఞాపకముంచుకొన్నను ఒక కుటుంబము నిలబడును.

ఇంటిలోనివారు ఈ విషయములో ఏమి చేయగలరు? ప్రోగ్రాములు తెలియకపోయినను చేయగల సహాయము ఒకటున్నది. వినుట. సాయంకాలము భోజనమైన తరువాత "నేడు నీవు చేసిన లెక్క ఏమి? మాకు తెలియునట్లు చెప్పు" అని తల్లి అడుగవచ్చును. మెట్ల లెక్కను అవ్వకు తెలుగులో విప్పి చెప్పగలిగినవానికి విషయము బోధపడినట్లే. ఆలోచనను పైకి చెప్పు అలవాటు ముందు తల్లిభాషలో కుదురుకొన్న పిదప ఇంగ్లీషులో చెప్పుట సులభమగును. చెప్పలేక ఆగినచోట అవ్వ "అదెట్ల రా?" అని అడిగినచో, పరీక్షకుడు అడుగు ప్రశ్నయు సరిగా అదియే. చదువుకొనువారు వారమునకు రెండుమారులు ఇద్దరిద్దరుగా కూర్చుండి, ఒకరు పరీక్షకుడు, ఒకరు అభ్యర్థి అయి, గడియారము ముందుంచుకొని అభ్యసించిన మంచిది. వందల సమస్యలకు సమాధానములు కంఠస్థము చేయుట కంటె ముప్పది నలుబది సమస్యలను మూలము వరకు త్రవ్వి చూచుట మేలు.

రెండుమూడు దినములలో ఆ బస్సు తిరిగి వచ్చును. తెల్లవారుజామున దిగిన బిడ్డ ముఖము చూడగానే తండ్రి నోట "వచ్చిందా?" అను మాట వచ్చుట సహజమే. ఆ మాటను ఒక్క క్షణము ఆపి, "ఏమడిగినారు నాయనా?" అని అడిగి చూడవలసినదిగా శ్రోతలను కోరుచున్నాను. అట్లు అడిగిన ఇంటిలో బిడ్డ తాను ఎక్కడ తడబడినది దాచక చెప్పును. చెప్పుచుండగనే తన తప్పు తనకు తెలియును. తరువాతి బస్సునకు అదియే సన్నాహము.